కంపోజిటరు కూర్చిన పాటల వరస

మా ప్రెస్సులో ఆయన్ని అందరూ అద్దంగారనే పిలిచేవాళ్లు. సీసం అక్షరాలు అచ్చుకు ముందు తిరగబడి ఉంటాయి కదా, వాటిని చూస్తూనే గడగడా చదివేసేవాడని పాత మేనేజరెవరో పెట్టిన పేరది. మామూలు కాగితం ఇస్తేనే కాస్త తడుముకునేవాడు. టీ వేళ పత్రిక చేతికొస్తే తనకు తెలియకుండానే తలకిందులుగా పట్టుకునేవాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న నాకు మాత్రం అది చక్కగా నిటారుగా కనపడేది. అలా ఒకే పత్రికను ఒకేసారి ఇద్దరం చదువుకున్న రోజులవి. పేజీ తిప్పే దగ్గర తప్ప పేచీ ఉండేది కాదు.

నేను ట్రెడిల్ మెషీన్ తొక్కేవాణ్ణి. ఆయన అక్షరాలు కూర్చే కంపోజిటరు. ఆయన గది వెనకవైపు, కిటికీ పక్కన. ఇప్పుడక్కడ ఎవరో కళ్లజోళ్లు అమ్ముతున్నారు. అప్పట్లో గోడ పొడుగునా ఏటవాలుగా నిలబెట్టిన చెక్క కేసులుండేవి. వాటి నిండా గళ్లు. క ఒక చోట, కా ఒక చోట, కి ఇంకో చోట, ఒత్తులన్నీ విడిగా కింది వరసలో. ఎడమచేతిలో ఇనప స్టిక్కు పట్టుకుంటే ఆయన కుడిచెయ్యి ఆ గళ్ల మీద గింజలేరుకునే పిట్టలా ఆడేది. స్టిక్కులో అక్షరాలను కాళ్లు పైకి, తలలు కిందికి పెట్టి, ఎడమ నుంచి కుడికి కూర్చుకుంటూ పోవాలి. కంపోజిటర్లందరి పద్ధతీ అదే. వయసులో సగానికి పైగా ఆయన ప్రపంచాన్ని అలాగే చదువుకున్నాడు. సీసం, కిరసనాయిలు, తడికాగితం కలిసిన ఆ గది వాసన ఇప్పటికీ ఎక్కడైనా పాత ఇనప సామాన్ల కొట్టు ముందు నిలబడితే చప్పున తగులుతుంది నాకు.

ఆయనకు ఒక్కతే కూతురు. పసితనంలో గిన్నెలన్నీ గరిటెతో వాయించి ఇల్లు ఎగరగొట్టేదని వాళ్లమ్మమ్మ ‘గోల’ అని పిలిచింది. పెద్దయ్యాక కూడా ఆ పిల్ల ఆ పేరే ఉంచుకుంది. పగలు ఫోటో ల్యాబులో కౌంటరు ఉద్యోగం, సాయంత్రమైతే గిటారు. పాటలు తనే రాసేది, తనే కట్టేది, తనే పాడేది. డ్రమ్ములు వాయించేవాడు పగలు మంచాలు చేసే వడ్రంగి. బేస్ గిటారు అమ్మాయి నర్సు. ఆసుపత్రిలో షిఫ్టు మారితే వీళ్ల రిహార్సలు మారేది. రాక్ సంగీతమంటే మా వీధిలో చెవుల్లో దూది పెట్టుకోవాల్సిన వ్యవహారం. నాకెందుకో నచ్చింది. రోజంతా మెషీన్ దడదడల మధ్య బతికేవాడికి అది పరాయి చప్పుడులా అనిపించలేదు. ఏమీ తెలియకపోయినా వింటూ వింటూ ఏది గిటారో, ఏది బేసో, ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో పట్టుకోవడం నేర్చుకున్నాను.

మొదటి ఆల్బమ్ పేరు కూడా ‘గోల’. మా ప్రెస్సులో అచ్చయ్యే వారపత్రికలో పాటల మీద ‘గీటురాయి’ అని ఒక శీర్షిక వచ్చేది. అది రాసే పెద్దమనిషినీ ఊరంతా గీటురాయి అనే పిలిచేది. పొడుగ్గా, చంకలో గొడుగుతో, ఎండాకాలమైనా మఫ్లరుతో వచ్చేవాడు. ఆయన బాగుందంటే కొట్లలో టేపులు వారంలో అయిపోయేవి. బాగాలేదంటే దుమ్ము పట్టేవి. ‘గోల’ను ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు: ‘డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినా ఇంతకంటే అర్థవంతంగా ఉంటుంది.’

ఆ వాక్యాన్ని కూర్చింది అద్దంగారే. నేను పక్కనే ఉన్నాను. ‘గులకరాళ్లు’ దగ్గర ఒత్తు కోసం వెతుకుతున్నట్టు నటించి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

“మార్చెయ్యండి అద్దంగారూ. ఒక్క మాటేగా, ఎవరు చూడొచ్చారు?” అన్నాను.

“ఆయన రాసింది ఆయనది తమ్ముడూ. కూర్చడమే నాది,” అన్నాడు. చెయ్యి మళ్లీ కదిలింది.

ఇంటికెళ్లి ఒక్క ముక్క చెప్పలేదు. పత్రిక వచ్చాక తెలిసింది. ఆయన భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరందరి మాటలూ కలిపే మనిషికి సొంత ఇంట్లో మాట దాచడమంటే ఒళ్లు మంట. నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన్ని దులిపేస్తోంది.

“చూశావా మరిదీ మీ అద్దంగారి నిర్వాకం? కూతురి మీద విసరడానికి రాళ్లు ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, ఇచ్చి వచ్చారు. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నారు. ఉప్పు తక్కువైందని కూడా అన్నారు!”

గోల నవ్వేసింది. నవ్వి, నవ్వు ఆపి, “రాళ్లు పడితే పడ్డాయి నాన్నా. ముందురోజే చెప్పి ఉంటే ల్యాబులో అందరి ముందూ గట్టిగా చదివేదాన్ని కాదు కదా,” అంది. అంతే అంది. ఆయనకు అప్పట్నుంచి ఆ మాట పంటికింద రాయిలా ఉండిపోయింది. నాకెలా తెలుసంటే, ప్రతి వారం గీటురాయి కాగితాలు చేతికి రాగానే ఆయన ముందు ఆ పిల్ల పేరుందేమోనని చివరిదాకా చూసుకుని గానీ మొదటి అక్షరం తీసేవాడు కాదు.

రెండో ఆల్బమ్‌కి ఏడాది దాటింది. ‘అద్దె గది’ అని పేరు. అందులో అరుపులు తక్కువ. ఒకటే కథ: ఒక అద్దె గదిలో ఇద్దరు అమ్మాయిలు చేరతారు, దగ్గరవుతారు, విడిపోతారు. టేపు మొదటి వైపు తలుపు చప్పుడుతో మొదలవుతుంది. కొత్తగా వచ్చిన అమ్మాయి తలుపు తడుతుంది. ఆ వైపు చివరి పాటలో ఇద్దరూ కరెంటు పోయిన మెట్ల మీద కూర్చుని కారణం లేకుండా నవ్వుకుంటారు. రెండో వైపు పోట్లాటలు, పెట్టె సర్దుకోవడం, ఖాళీ గది, ఆఖర్న తాళం తిరిగిన చప్పుడు.

“ఆ తాళం తర్వాత ఏమీ ఉండకూడదు. గాలి కూడా,” అనేది గోల. పాట పాటకీ పేరు పెట్టమంటే, “ఒకటే కథ, మధ్యలో బోర్డులెందుకు?” అంది. ఎవరు దొరికితే వాళ్లతో ఒకటే మాట: “ఈసారి వరస చూడండి. మొదటిది ఉత్త అరుపులన్నారు కదా. ఈసారి వరస వినండి.”

స్టూడియోలో తలుపుకి మెత్తటి గుడ్డ తొడిగి ఉండేదట, తడితే చప్పుడే రాదు. అందుకని చిన్న రికార్డరు ఇంటికి తెచ్చి సొంత వీధి తలుపే తట్టించింది. తట్టినవాడు అద్దంగారు.

“పోలీసులా కాదు నాన్నా. కొత్తగా అద్దెకొచ్చిన అమ్మాయిలా తట్టు.”

“కొత్తగా అద్దెకొచ్చిన అమ్మాయి ఎలా తడుతుందే?”

“లోపలున్నవాళ్లు మంచివాళ్లైతే బాగుణ్ణనుకుంటూ.”

ఆయన బయటికెళ్లి, ఆలోచించి, గొంతు కూడా సవరించుకుని తట్టాడు. పక్కింటావిడ “ఏంటండీ, సొంత ఇంటికే మొహమాటపడుతున్నారు?” అని అడిగిందట. రికార్డరులో ఆ మాట కూడా పడింది. మళ్లీ తట్టాల్సి వచ్చింది.

టేపులు పక్క ఊళ్లో కాపీ చేయించారు. డబ్బాల నిండా పేరులేని టేపులు వచ్చాయి. వాటికి లేబుళ్లు అంటించే పని అద్దంగారు అడిగి మరీ తీసుకున్నాడు. లేబుళ్లు కూర్చిందీ ఆయనే, అచ్చేసింది నేను: ‘అద్దె గది’, దానికింద ‘మొదటి వైపు’, ‘రెండో వైపు’. ఏది మొదటి వైపో తెలుసుకోవడానికి కాపీ షాపువాడు గుర్తు చెప్పి పంపాడు. టేపు పూర్తిగా వెనక్కి తిప్పి ఉంది కాబట్టి చుట్ట నిండుగా ఉన్న చక్రం ఎడమచేతి వైపుంటే అది మొదటి వైపు. ఇల్లాలు డ్యూటీకి, కూతురు బ్యాండుతో పొరుగూరికి వెళ్లిన ఆదివారం ఆయన ఒక్కడే బల్ల ముందు కూర్చుని అన్నీ అంటించాడు. ఒక్కటీ వెంట్రుకవాసి పక్కకు పోలేదు. సోమవారం అవి కొట్లకూ పత్రికలకూ వెళ్లిపోయాయి.

నేనూ ఒకటి కొనుక్కున్నాను. మొదటి వైపు పెడితే టేపు కదల్లేదు, వెనక్కి తిప్పాల్సి వచ్చింది. కొత్త టేపుకి ఈ తిప్పలేంటి, కాపీ షాపువాడి బద్ధకం అనుకుని తిప్పుకుని విన్నాను. వింటే పోట్లాటతో మొదలైంది. ఆ పిల్ల మనసు మార్చుకుందేమో అనుకున్నాను. ల్యాబులో కౌంటరు అవతల ఉండే పిల్లను పట్టుకుని నీ పాటలు ఇలా ఎందుకున్నాయని ఎవరడుగుతారు?

గోల మాత్రం టేపు ముట్టుకోలేదు. పాడి పాడి విసిగిపోయి, ఆ గొంతు వింటే తనకే చిరాకొస్తోందని చెప్పింది. ఇంట్లో ఎవర్నీ పెట్టనివ్వలేదు కూడా.

మూడో వారంలో గీటురాయి కాగితాలు వచ్చాయి. అద్దంగారు అలవాటుగా చివరిదాకా చూడబోయి, మొదటి పంక్తిలోనే ఆ పేరు కనపడేసరికి ఇక చదవలేక స్టిక్కు అందుకున్నాడు. “ఒక్కో అక్షరమే తెలియనీ తమ్ముడూ. ఒక్కసారి మీద పడకుండా,” అన్నాడు.

కూరుస్తూ పైకి చదువుతున్నాడు. నేను మెషీన్ ఆపేశాను. మొదటి పేరా అయ్యేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మెచ్చుకోలు! అదీ గీటురాయి దగ్గర్నుంచి! ‘ఈ అమ్మాయికి కథ చెప్పడం తెలుసు. గులకరాళ్ల మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను.’ నేను చప్పట్లు కొట్టాను. ఆయన ఊరుకోమని సైగ చేశాడు గానీ పెదాలు మూతపడడం లేదు.

రెండో పేరా: ‘మొదటి వైపంతా విడిపోవడమే. తాళం తిరుగుతుంది. అయిపోయిందనుకుని టేపు తిప్పుతాం. తలుపు చప్పుడు...’

చెయ్యి గాల్లో ఆగింది.

“తిప్పాక తలుపు చప్పుడేంటి?” అన్నాడు.

ఆయన వేళ్లు మడిచి బల్ల మీద మెల్లిగా రెండుసార్లు తట్టాడు, ఆ రోజు వీధి తలుపు తట్టినట్టే. “ఇది మొదట్లో రావాలి. దీంతోనే కదా మొదలు? నీ టేపు ఉందా?”

ప్రెస్సు మూల షెల్ఫులో నా టేపు ఉంది. తెచ్చిచ్చాను. ఆయన దాన్ని అందుకుని కళ్లముందు పట్టుకున్నాడు. అప్పుడు చూశాను నేను. క్యాసెట్టు ఎవరు పట్టుకున్నా టేపు బయటికి కనపడే అంచు కిందికి పెట్టి పట్టుకుంటారు. ఆయన ఆ అంచు పైకి పెట్టి పట్టుకున్నాడు, స్టిక్కులో అక్షరాల్ని పట్టుకున్నట్టు. ఆ ఆదివారమంతా అలాగే పట్టుకున్నాడన్నమాట. లేబుళ్లు కూడా అక్షరాల కాళ్లు తన పైవైపుకి ఉండేట్టు అంటించాడు. ఆయనకు చదవడానికి అదే హాయి. కాబట్టి అందరిలా అంచు కిందికి పెట్టి చూస్తే లేబులు నిక్షేపంగా కనిపిస్తుంది. చక్రాలే ఎడమది కుడికి, కుడిది ఎడమకి పోయాయి. ప్రతి టేపులోనూ రెండో వైపు మొదటిదైంది.

ఆయన కేసుకి ఆనుకుని నిలబడిపోయాడు. కూర్చోవడానికి స్టూలు ముందుకు తోశాను.

“ఊరుకోండి,” అన్నాను మెల్లిగా. “ఎవరికి తెలుసు? ఆయన మెచ్చుకున్నాడు. టేపులు అమ్ముడవుతాయి. పిల్లా సంతోషిస్తుంది.”

“దేనికి సంతోషిస్తుంది?”

నేను టేపు అందుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.

“ఆ పిల్ల మొత్తం ఊరిని బతిమాలింది ఒక్క వరస వినమని. దాన్నే నేను...” అని ఆగి, మిగిలిన పేరాలు కూర్చాడు. ఒక్క అక్షరం పోనివ్వలేదు. గీటురాయి చివర్లో ఇలా రాశాడు: ‘ఏం జరగబోతోందో మనకు ముందే తెలుసు. వాళ్లకు తెలియదు. మెట్ల మీద నవ్వుకుంటున్న ఆ ఇద్దరినీ వింటూ నేను లేచి టేపు ఆపేశాను. ఆ నవ్వు భరించడం నా వల్ల కాలేదు.’

ఆ పేజీ మర్నాడు పొద్దున మెషీనెక్కాలి. ఆ సాయంత్రం ఆయన తప్పులు చూసుకోవడానికి తీసిన ప్రూఫు మడిచి జేబులో పెట్టుకుని, “నువ్వూ రా. పరాయివాళ్లుంటే అది కాస్త తక్కువ అరుస్తుంది,” అన్నాడు. దారిలో గబగబా నడిచాడు. వీధి తలుపు దగ్గర మాత్రం తట్టాలా, తోసుకుని వెళ్లాలా అన్నట్టు ఒక్క క్షణం నిలబడ్డాడు.

గోల అప్పుడే ల్యాబు నుంచి వచ్చి కాళ్లు బల్ల మీద చాపుకుని ఉంది. వాళ్లమ్మ టీ పోస్తోంది.

“పత్రికలో రేపు వస్తుందమ్మలూ. ముందే తెచ్చాను,” అన్నాడు ఆయన.

ఆ ఒక్క మాటకే ఆ పిల్ల మొహం వెలిగింది. ప్రూఫు లాక్కుని నిలబడే చదివింది. గులకరాళ్లు వెనక్కి తీసుకున్న చోట ఎగిరి గంతేసింది. “అమ్మా! రాళ్లు వెనక్కట! ఈ టేపులో వాన చప్పుడు కూడా నచ్చిందట, నిజంగా కురిసినట్టుందట! ఆ వానకి డబ్బాలో రాళ్లే పోసి ఊపాం కదే!”

తర్వాత గొంతు నెమ్మదించింది. ఇంకోసారి చదివింది.

“పాపం, ఈయన రెండో వైపు ముందు పెట్టుకున్నట్టున్నాడు. ముసలాయన, కళ్లజోడు మార్చాలి,” అని నవ్వింది.

“ఆయన సరిగ్గానే పెట్టాడు తల్లీ. నేనే సరిగ్గా పెట్టలేదు.”

చెప్పాడు. టేపు పట్టుకుని చూపించాడు కూడా. చెబుతూ ఎక్కడా కాపీ షాపువాడి మీదికి తొయ్యలేదు.

“అన్నీనా?” అంది వాళ్లమ్మ, టీ గిన్నె అలాగే పట్టుకుని.

“అన్నీ.”

“కొట్లకి వెళ్లినవి?” అంది గోల.

“అన్నీ అమ్మా.”

అరుస్తుందని కదా నన్ను తీసుకెళ్లింది. ఆ పిల్ల అరవలేదు. “ఏడాది పైన కూర్చున్నాను నాన్నా ఆ వరస కోసం. ఏ పాట తర్వాత ఏ పాటో అని నిద్రలో కూడా సర్దుకున్నాను. ఊరంతా మెచ్చుకునేది నేను చెయ్యనిది. నేను చేసింది ఎవడూ వినలేదు.” టేపు తీసుకుని లోపలి గదిలోకెళ్లి తలుపేసుకుంది.

ఇల్లాలు ఆయన వంక చూసింది. “ఎన్నిసార్లు చెప్పాను, పేపరు తిప్పి చదవండీ, తిప్పి చదవండీ అని! అలవాటైపోతుందని చెప్పానా లేదా?”

“చెప్పావు.”

“కప్పు కూడా తలకిందులుగా పట్టుకోండి ఇక. ఇదిగో.” అని టీ చేతికిచ్చింది. తిట్టిన మనిషే రెండో చెంచా పంచదార వేసింది, అది నేను చూశాను.

లోపల టేపు వెనక్కి తిరుగుతున్న కీచు వినపడింది. తర్వాత పోట్లాట పాట. మేము ముగ్గురం గోడ ఇవతల కూర్చుని విన్నాం. పెట్టె సర్దుకునే పాట, ఖాళీ గది, తాళం. నిశ్శబ్దం. టేపు తీసి తిప్పిన చప్పుడు. ఆ వెంటనే ఆయన వేళ్లు, ఆ మొహమాటపు తట్టుడు. అద్దంగారు తల దించుకున్నాడు. ఇద్దరు అమ్మాయిలూ గదికి చేరారు, బకెట్టు కోసం వాదులాడారు, స్నేహితులయ్యారు. మెట్ల మీద నవ్వు మొదలైనప్పుడు ఇల్లాలు కొంగుతో కళ్లు తుడుచుకుని, “ఆ గీటురాయి చెప్పింది నిజమే, ఇది వినలేం,” అని వంటగదిలోకి వెళ్లిపోయింది.

గోల బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“తాళం పడ్డాక నువ్వొచ్చి తలుపు కొట్టావు నాన్నా,” అంది.

ఆయన తన వేళ్ల వంక చూసుకున్నాడు.

“బాగుందా?” వంటగదిలోంచి వాళ్లమ్మ.

“బాగుంది. అదే నా మంట. నాది కాకుండా బాగుంది.” టేపు తండ్రి ముందు బల్ల మీద పెట్టింది. “నాదీ బాగుంటుంది. వేరేలా. నాది వింటే చివర్లో ఏడుస్తారు. ఇది వింటే నవ్వుతున్నప్పుడు ఏడుస్తారు. రేపు పొద్దున్నే నేనూ ప్రెస్సుకొస్తాను.”

పొద్దున గీటురాయి మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు, చివరి చూపు చూసుకోవడానికి. గొడుగు మెషీన్‌కి ఆనించాడు. గోల నేరుగా ఆయన దగ్గరకెళ్లి నమస్కారం పెట్టి, “నేనే అండీ గోలని. ఈయన మా నాన్న,” అంది.

ఆయన అద్దంగారిని, ఆ పిల్లని మార్చి మార్చి చూశాడు. “ఈయనా? మరి... ఆ గులకరాళ్లు...?”

“నేనే కూర్చానండీ,” అన్నాడు అద్దంగారు.

“నాకు ఒక్క మాట చెప్పలేదేమయ్యా!”

“మీరు రాసింది మీదండీ.”

గోల జరిగిందంతా చెప్పింది. టేపు పట్టుకుని చూపించే భాగం అద్దంగారే చెప్పాడు. గీటురాయి మఫ్లరు విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

“అంటే నేను ఇన్నాళ్ల అనుభవంతో లేబులుని మెచ్చుకున్నానన్నమాట,” అన్నాడు. “తీసెయ్యండి. ఈ వారం గీటురాయి లేదు.”

ముందు గదిలోంచి ఓనరుగారు కేక వేశారు. “తీసేస్తే ఆ జాగాలో ఏం వెయ్యమంటారు? నా పెళ్లి ఫోటోనా?”

“తీయకండి,” అంది గోల. “మీరు చెవికి వినపడింది రాశారు. అబద్ధం ఏముంది? ఆ నవ్వు గురించి మీరు రాసింది నాకు తట్టలేదు. పాట కట్టినదాన్ని, నాకే తట్టలేదు. కింద నావి రెండు మాటలు వెయ్యనిస్తే చాలు.”

“అసలు వరసలో వింటే నాకు నచ్చకపోవచ్చు. అప్పుడు?”

“అప్పుడు అది కూడా రాయండి. మా నాన్న కూరుస్తాడు.”

గీటురాయి నవ్వాడు. ఆ మనిషికి పళ్లున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. రెండు వారాల తర్వాత నిజంగానే రాశాడు: తండ్రి వరసలో వింటే గుండె పట్టేస్తుందని, కూతురి వరసలో వింటే తాళం చప్పుడు ఇంటిదాకా వెంటవస్తుందని, తనకు మాత్రం తండ్రిదే నచ్చిందని. వేరే పత్రికవాడొకడు ఇదంతా అమ్మకాల కోసం ఆడిన నాటకమన్నాడు. ఊళ్లో టేపు కొన్నవాళ్లు రెండు జట్లయ్యారు. మా టీకొట్టు దగ్గర కొన్నాళ్లు అదే వాదన, నువ్వు నాన్నవైపా, కూతురివైపా అని. హాల్లో కచేరీ పెట్టినప్పుడు గోల తన వరసలోనే పాడింది. తాళం తర్వాత చాలాసేపటిదాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దం నేను మళ్లీ ఎక్కడా వినలేదు. ఆ హాలు కూడా ఇప్పుడు లేదు.

ఆ పొద్దున మాత్రం మెషీన్ సిద్ధంగా ఉంది, ఇంకు కలిపి పెట్టాను, ఆ రెండు మాటలు రావాలి. గోల కేసు పక్కన నిలబడి చెబుతుంటే ఆయన కూర్చాడు.

“గీటురాయిగారు మెచ్చుకున్న వరస మా నాన్న కూర్చినది. నా వరసలో వినాలంటే రెండో వైపు అని రాసి ఉన్నచోట మొదలుపెట్టండి. చివర్లో తాళం పడాలి. ఇట్లు, గోల.”

“నన్నెందుకమ్మా పత్రికలోకి లాగడం? కంపోజిటరు సంగతి ఎవరికి కావాలి?”

“కూర్చు నాన్నా. నేను చెప్పింది నాది.”

ఆయన మళ్లీ కేసు వైపు తిరిగాడు. ఊళ్లో పుట్టినవాళ్లవీ పోయినవాళ్లవీ, షాపు తెరిచినవాళ్లవీ మూసినవాళ్లవీ, అందరి సంగతులూ ఆ చేత్తోనే కూర్చాడు. తన సంగతి ఒక్క అక్షరం ఏనాడూ కూర్చుకోలేదు. ‘మా నాన్న’ దగ్గర పిట్టలాంటి ఆ చెయ్యి ఇంకొన్ని గళ్ల మీద వాలడం నేను చూశాను. కూర్చిన ముక్క మీద ఇంకు రాసి, కాగితం ఒత్తి, ప్రూఫు తీసి కూతురికిచ్చాడు.

“చూడు తల్లీ. తప్పులుంటే ఇప్పుడే చెప్పు.”

ఆ పిల్ల వెలుతురు కోసం కిటికీ దగ్గరకెళ్లి చదివింది. చదువుతూ మధ్యలో తలెత్తి ఆయన్ని చూసింది.

“ఇదెక్కడిది? నేను చెప్పలేదే.”

“ఏది?”

“‘మా నాన్న పొరపాటున కూర్చినది’ అని ఉంది.”

“నిజమేగా.”

“ఇన్నాళ్లూ ఎవరు రాసినదాంట్లోనూ ఒక్క మాట మార్చలేదు నువ్వు. నా దాంట్లో మారుస్తావా?”

గీటురాయి గొడుగు అందుకోబోయి ఆగాడు. ఓనరుగారు కూడా గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

“తీసెయ్యి నాన్నా,” అంది.

అద్దంగారు చిమటా తీసుకున్నాడు. ఆ మాటలోని అక్షరాల్ని ఒక్కొక్కటే పైకి లాగి, పొ పొలోకి, ర రలోకి, ఏ గడిది ఆ గడిలో వేశాడు. పంక్తి మధ్యలో ఖాళీ పడింది. అలా వదిలేస్తే మెషీన్ మీద అక్షరాలు కదిలిపోతాయి. అందుకని అచ్చులో కనపడని సన్నని సీసం ముక్కలు ఏరుకుని ‘మా నాన్న’కి ఇటు కొంచెం, అటు కొంచెం దూర్చి, బొటనవేలితో నొక్కి చూశాడు.

“గట్టిగానే ఉంది తమ్ముడూ,” అన్నాడు నాతో. “తొక్కు.”